ఆభోగిల లేని స్వరం

ఫిబ్రవరి 11, 2003

బాపు ఇయ్యాల నన్ను తిట్టలే.

సాయంత్రం బట్టల దుకాణం గుమస్తాకు అప్పజెప్పి మీద ఇంట్లకొస్తడు. అప్పటికే నేను మాండలిన్ శ్రుతి చేసుకొని కూసోవాలె. తీగ మీద వేలు జర తప్పితె చాలు, "నీ చేతులు లుంగీలు మడతపెట్టనీకె పనికొస్తయి" అంటడు. ఇయ్యాల చాన తప్పులు పోయినయి. ఒక్కమాట అనలే. ఆయన చెవు నా దిక్కు లేదు. మూలకు కూసున్న నవత దిక్కున్నది.

నవత అంకిస ఊరి బుచ్చన్న బిడ్డ. వాళ్లది వరి పొలం. ఇక్కడ సిరొంచ కాలేజీల పదకొండు చదువుతది, పొద్దుగాల ఎస్టీ బస్సుల వచ్చి పొద్దుగూకంగ పోతది. కిందటేడు బుచ్చన్న ధోతులు కొననీకె వచ్చినప్పుడు ఎంబడి వచ్చింది. మీద నేను వాయిస్తుంటె మెట్ల కాడనే నిలవడ్డది. తండ్రి పిలిచినా కదలలే. బాపుకు ఆ దినం ఎందుకో మంచిగున్నది. "నేర్చుకుంటవా పిల్లా?" అన్నడు. మూలకు పడున్న పాత మాండలిన్ దాని చేతుల పెట్టిండు.

నేను ఆరేండ్ల సంది నేర్చుకుంటున్న. అది నిన్నగాక మొన్నొచ్చింది. ఇయ్యాల అది కల్యాణి ఆలాపన చేస్తుంటె బాపు కండ్లు మూసుకున్నడు. నేను వాయిస్తుంటె ఎన్నడు మూసుకోలే.

నాకేం కోపం లేదు. నవత మంచి పిల్ల.

ఫిబ్రవరి 12

కోపం లేదని నిన్న రాసిన. నిజంగనే లేదు.

మార్చి 2

మాండలిన్ స్వరం పుట్టంగనే సస్తది. మీటినమా, అయిపాయె. వీణలెక్క సాగదు, ఫిడేలులెక్క నిలవదు. గందుకే అది సచ్చేలోపట వేలు తీగ మీద జారుకుంట ఇంకో స్వరాన్ని అందుకోవాలె. విన్నోళ్లకు నడుమ ఖాళీ తెల్వద్దు. బాపు నాకు ఈ సంగతి మొదట్లనే చెప్పిండు. నాకు సమజైంది. నా చేతికి సమజ్ కాలే.

నవత చేతికి ఎవరూ చెప్పకముందే తెల్సు. ఆ పాత మాండలిన్‌కు కరెంటు లేదు, సౌండ్ డబ్బా లేదు, తుప్పు పట్టిన జంట తీగలు. నాది ఐదు తీగల కరెంటు మాండలిన్, బాపు హైదరాబాద్ నుంచి తెప్పించిండు. అయినా అమ్మ వంటింట్లకెళ్లి, "ఇప్పుడు వాయించేది నవతనా?" అని అడుగుతది. నేను వాయించినప్పుడు ఏమడగది.

పన్నెండు ఫెయిలైనంక ఇంట్లనే ఉన్న కదా, రోజంత సాధన చేస్త. వేళ్ల కొసలు గట్టివడి చెప్పు అడుగు లెక్క అయినయి. సుయితో గుచ్చినా తెల్వది. గింత చేస్తే రావాలె కదా. గింత చేస్తే ఎవరికైనా రావాలె.

మార్చి 23

పుష్కరాల కమిటీ వాళ్లు వచ్చిండ్రు. ఈ ఏడు గోదారి పుష్కరాలు కదా, ఘాట్ కాడ రోజొక కార్యక్రమం పెడుతరట. కమిటీ పెద్ద ఐలన్న సేటు, రైస్ మిల్లాయన. బాపు ఆయనను మీదికి తోల్కొచ్చి పెద్ద కుర్చీ ఏసిండు. నన్ను వాయించుమన్నడు. నేను వర్ణం వాయించిన, తప్పు పోలే. ఐలన్న సేటు "మంచిగున్నది బిడ్డ" అని చాయ్ తాగుకుంట అన్నడు.

తర్వాత నవత దిక్కు చూసి, "ఈ పిల్ల గూడ వాయిస్తదా?" అన్నడు.

అది వాయించినంతసేపు ఆయన చేతిల చాయ్ అట్లనే ఉన్నది. మీద తొరక కట్టింది.

"శంకరలింగం, ఏందయ్య గిది! గింత పెద్ద వస్తువును మూలకు దాచుకున్నవా?" అని బాపు భుజం మీద చరిచిండు. "కచేరి ఈ పిల్లదే పెడుదం. నీ బిడ్డ గూడ మొదలు జర సేపు వాయిస్తది, ప్రార్థన తీర్గ. ఏమంటవ్?"

"మీ మాట కాదంటనా సేటు" అని బాపు నవ్విండు. వాళ్లు పోయేదాక నవ్వుతనే ఉన్నడు. పోయినంక నవతతోని, "ఆ కప్పులన్ని కడిగిపో" అన్నడు. అది సంబరంగ కడిగింది. బస్సు అందుకోనీకె ఉరికింది.

అన్నం తినేటప్పుడు బాపు అన్నడు, "మన పెరట్ల పెట్టిన చెట్టు. కాయలు గోడవతల పడుతున్నయి."

"పెట్టింది నువ్వే కదా" అన్నది అమ్మ.

బాపు పల్లెం గోడకు తాకింది. అమ్మ మెతుకులు ఏరుకుంట కూసున్నది. నేను నాది తిన్న.

ఏప్రిల్ 9

బాపు నవతకు ఆభోగి మొదలుపెట్టిండు. కచేరిల పెద్ద అంశం అదేనట.

నాకు ఆభోగి నేర్పినప్పుడు బాపు మొదలు చెప్పిన మాట, "ఈ రాగంల నిషాదం లేదు. పొరపాట్న గూడ లోపటికి రానియ్యొద్దు. వచ్చిందంటె అది ఆభోగి కాదు, శ్రీరంజని అయితది. తెలిసినోడు వింటె మొఖాన ఉమ్ముతడు." ఒకసారి నా వేలు దాని మీద పడితె చెవు మెలిపెట్టి తిప్పిండు.

ఇయ్యాల నవతకు నేర్పుతుంటె విన్న. ధైవతం మీద నిలవడి, నిషాదాన్ని ఒక్కసారి తాకి, మల్ల ధైవతం మీదికొచ్చి కిందికి జారుడు. ఎంత అందంగ ఉన్నదో. అది ఇట్ల పట్టుకున్నది. బాపు మల్ల మల్ల వాయింపించిండు. "ఇదే ప్రాణం. ఇది ఇడిసిపెట్టకు" అన్నడు.

బాపు మర్చిపోయిండనుకున్న. దుకాణంల బట్ట థాన్లు సదురుతుంటె పోయి మెల్లగ అన్న, "బాపూ, ఆభోగిల నిషాదం పడుతున్నది."

థాన్ మడత ఆపలే. "నాకు చెవుడొచ్చిందనుకున్నవా?"

"కాదు..."

"నువ్వు నీది చూస్కో."

ఏప్రిల్ 10

పెద్దోళ్ల పద్ధతి ఏదన్న ఉంటదేమో. ఒక్కొక్క గురువు ఒక్కొక్క తీర్గ నేర్పుతడు. నాకేం తెల్సు.

మే 14

ఎండలు మండుతున్నయి. కాలేజీ బంద్ అయినా నవత అంకిస నుంచి వస్తనే ఉన్నది. బస్సు దొరక్కపోతె ఎవరిదో బైకు ఎన్కకు కూసొని వస్తది. ముక్కుల దుమ్ము, తలల దుమ్ము. అమ్మ నీళ్లిస్తె చెంబెడు ఒక్కసారే తాగింది.

మెట్ల మీద నన్ను ఆపింది. "అక్కా, ఒక మాట అడుగుత. సారుకు చెప్పకు."

"ఏంది?"

"నువ్వు ఆభోగి వాయిస్తె ఆ నిషాదం రాదు. నాకు మాత్రం సారు పెట్టిండు. నేను ఇంటికాడ అది లేకుంట పాడి చూసిన. లేకుంటెనే రాగం నిమ్మలంగ ఉన్నట్టు అనిపిస్తది. అది వస్తె ఎవరో పరాయోళ్లు ఇంట్లకొచ్చినట్టు ఉంటది. నాకే సమజ్ కాకనా?"

ఎవరూ చెప్పలే దానికి. శ్రీరంజని అన్న పేరు గూడ తెల్వదు. ఒక్కతే కూసొని పట్టుకున్నది.

నేను అన్న, "నాది చిన్న పిల్లల పాఠం. నీకు పెద్ద పద్ధతి చెప్తుండు. బాపు చెప్పినట్టే వాయించు."

"గంతేనా!" అని నవ్వింది. "నువ్వు చెప్పినంక ఇగ పరేషాన్ లేదక్కా."

నేను అబద్ధం చెప్పలే. బాపు చెప్పినట్టు వాయించు అన్న, గంతే. శిష్యులు ఎవరైనా చేసేది గదే కదా.

జూన్ 20

వానలు పడ్డయి. నవత ఇయ్యాల ఆలాపనల నిషాదం ఇడిసిపెట్టింది. కావాలని ఇడిసిందో, చెయ్యే ఇడిసిందో. ఎంత మంచిగున్నదంటె నేను నా మాండలిన్ ఒళ్లె పెట్టుకొని ఊకున్న.

బాపు లేసి వచ్చిండు. "నీకు నాకన్న ఎక్కువ తెల్సా?"

"లేదు సారు. యాది మర్చిన."

"యాదికొచ్చేదాక గదొక్కటే వాయించు."

అది వాయిస్తనే ఉన్నది. బాపు కిందికి పోయి గిరాకీ చూసుకొని వచ్చిండు. మల్ల పోయిండు, మల్ల వచ్చిండు. పాత మాండలిన్‌ది ఒక తీగ పోగు లేసి ఉన్నది, అది చూపుడు వేలును కోసింది. మాండలిన్ మెట్ల మీద నెత్తురు. నవత వేలు నోట్లె పెట్టుకొని, చున్నీకి తుడుచుకొని మల్ల మొదలుపెట్టింది. ఏడ్వలే. ఏడిస్తె బాపు ఆపునేమో.

నేను పసుపు పెట్టిన. "నువ్వు లేకుంటె నేను ఈడ నిలవడకపోదును అక్కా" అన్నది.

బస్సు పోయింది. ఐలన్న సేటు ట్రాక్టర్ అటు దిక్కు పోతుంటె ఎక్కిచ్చిన. నేనే పోయి మాట్లాడి ఎక్కిచ్చిన. గింత ఎవరు చేస్తరు?

జూలై 13

నవత తల్లి ముత్తక్క వచ్చింది. సంచి నిండ దొండకాయలు, కాకరకాయలు. దుకాణం గడప అవుతలనే కూసున్నది, ఎంత పిలిచినా లోపటికి రాదు.

"సేటమ్మా, మా ఇంట్ల ముందుగాల ఎవ్వరికి లేని విద్య. పిల్లకు సారు అసొంటోడు దొరికిండు. నా తోలు చెప్పులు కుట్టిచ్చినా రుణం తీరది" అన్నది. కొత్త లంగ ఓణి కొననీకె వచ్చింది, కచేరి నాటికి. బాపు మంచి రంగు ఏరి ఇచ్చిండు. "బిడ్డకు నప్పుతది" అన్నడు.

అమ్మ కాకరకాయలు తీసుకొని లోపటికి పోయి మల్ల బయటికి రాలే. తర్వాత నన్నడిగింది, "మీ బాపు ఆ పిల్లకు ఏం నేర్పుతుండే?"

"ఆభోగి."

"సక్కగ నేర్పుతుండా?"

"నాకేం తెల్సు?"

అమ్మ నన్ను చాన సేపు చూసింది. అమ్మకు సంగీతం రాదు. చూసుడు వచ్చు.

జూలై 30

పుష్కరాలు మొదలైనయి. ఊరు పట్టనంత మంది. చామోర్షి నుంచి, అల్లపల్లి నుంచి బస్సులు. మా కార్యక్రమం సోమవారం.

ఆగస్టు 4

అయిపోయింది.

ఉన్నదున్నట్టు రాస్త. వేరేవాళ్లు వేరే తీర్గ చెప్పుకుంటరు.

షామియానా నిండింది. ముంగటి వరుసల వరంగల్ నుంచి వచ్చిన దేవయ్య సారు. ఏండ్ల తరబడి ఎందరికో ఫిడేలు, మాండలిన్ నేర్పిన ముసలాయన. పుష్కర స్నానానికి కాళేశ్వరం వచ్చి ఉంటె ఐలన్న సేటు నది దాటించి తోల్కొచ్చిండు. కండ్లల్ల పొర, మనుషులు సరిగ కనవడరట. బాపుకు ఆయనొస్తడని ముందే తెల్సు.

మొదలు నేను వాయించిన. తప్పు పోలే. చప్పట్లు కొట్టిండ్రు. తర్వాత బాపు నా కరెంటు మాండలిన్ నవతకు ఇయ్యుమన్నడు. ఇచ్చిన. దాని చేతులు సల్లగున్నయి. మైకుల చెప్పిండ్రు, ఇప్పుడు ఆభోగి రాగం అని.

మొదలుపెట్టింది. నా మాండలిన్‌ల ఆ నాదం ఉన్నదని నాకే తెల్వదు. జనం గుసగుస బందైంది. ఘాట్ కాడ కొబ్బరికాయలు అమ్మేటోళ్లు గూడ ఇటు తిరిగిండ్రు. దేవయ్య సారు తల మెల్లగ ఊగుతున్నది. ధైవతం మీద నిలవడ్డది. నేను నా కాలి వేళ్లు ముడుచుకున్న. నిషాదం పడ్డది.

ఆయన తల ఆగింది. మల్ల పడ్డది. మూడోసారి పడంగనే చెయ్యెత్తిండు.

"ఆగు బిడ్డ. ఇది ఆభోగి అన్నరు. నిషాదం యాడికెళ్లొచ్చింది? నీకు ఎవరు నేర్పిండ్రు?"

మైకుల అందరికి ఇనవడ్డది. నవత బాపు దిక్కు చూసింది.

బాపు లేసి నిలవడి రెండు చేతులు జోడించిండు. "నేను గిట్ల నేర్పలేదు సారు. ఇన్నిసార్లు చెప్పిన, దీంట్ల నిషాదం లేదే అని. ఇనలే. జర వేళ్లు తిరగంగనే సొంత తెలివి. నా తప్పు, పొలం పనోళ్ల పిల్లను తెచ్చి పీట మీద కూసోవెట్టిన."

ఎన్క నుంచి ఎవరో నవ్విండ్రు. తర్వాత చానమంది.

నవత నన్ను చూసింది.

నేను మైకు వైరు చూస్తున్న. నల్ల వైరు, ఒక తావుల టేపు చుట్టి ఉన్నది.

బాపు స్టేజి ఎక్కి దాని చేతులల్లకెళ్లి మాండలిన్ గుంజుకున్నడు. నాకిచ్చి, "ఆభోగి ఎట్లుంటదో చూపియ్" అన్నడు. నేను వాయించిన. నిషాదం లేకుంట. తీగలు దాని చెమటకు ఇంక తడిగనే ఉన్నయి.

చప్పట్లు కొట్టిండ్రు. కొత్త ఓణి స్టేజి ఎన్క మెట్లు దిగుతుంటె కనవడ్డది. బుచ్చన్న దాని జబ్బ పట్టుకొని గుంజుకపోతున్నడు.

ఆగస్టు 5

నిన్న ఒకటి రాయలే.

కచేరి అయినంక బాపు నన్ను దేవయ్య సారుకు తోడు పంపిండు, చెయ్యి వట్టుకొని పడవ దాక దిగవెట్టి రమ్మని. బురదల మెల్లగ నడిచినం. ఆయన అడిగిండు, "నువ్వు ఆఖరుకు వాయించిన పిల్లవా?"

"అవును సారు."

"ఆ పిల్ల నీకు దోస్తా?"

"మా దగ్గరనే నేర్చుకుంటది."

ఒక నీళ్ల గుంట దాటించిన. తర్వాత అన్నడు, "సొంత తెలివి కాదు బిడ్డ అది. పొరపాటైతె ఒక్కో తావుల ఒక్కో తీర్గ పడ్తది. ఇది మూడుసార్లు ఒక్క తీర్గనే పడ్డది. ఎవరో కూసోవెట్టి సాధన చేపిచ్చిన తప్పు." నా చెయ్యి ఆయన చేతిల ఉన్నది. ఆయన ఇంక ఎక్కువ అడగలే.

"అసొంటి చెయ్యి నా జిందగీల ఎన్నడు ఇనలే. నా కొడుకు సూరత్ వచ్చి ఉండుమంటుండు, ఇగ నీకు వరంగల్‌ల ఎవరున్నరు అని. ఆ పిల్ల వస్తె నేను పోను. నా ఇంట్ల బిడ్డ లెక్క ఉంచుకుంట, నాకు తెల్సిందంత ఇస్త. పుష్కరాలు అయ్యేదాక కాళేశ్వరం సత్రంల ఉంట. ఏ ఊరో ఎవరి బిడ్డనో నాకు తెల్వది. నువ్వు తోల్కరా."

"తోల్కొస్త సారు" అన్న.

రేపు అంకిస పోత.

ఆగస్టు 6

వాన.

ఆగస్టు 7

ఎస్టీ రాలే. బస్సు వచ్చిందని అమ్మ అన్నది. నాకు ఇనవడలే మరి.

ఆగస్టు 8

ఇప్పుడు పోతె బుచ్చన్న కోపంల ఉంటడు. వాళ్ల ఇంట్ల లొల్లి ఉంటది. జర సల్లవడనియ్యాలె. నవత మంచి కోసమే.

ఆగస్టు 9

పొద్దుగాల మాండలిన్ గుడ్డల చుట్టుకొని పడవెక్కిన. అంకిస దిక్కు కాదు. కాళేశ్వరం. స్నానానికి పోతున్న అని అమ్మకు చెప్పిన. గోదారి ఎర్రగ పొంగుతున్నది, పడవోడు భయపడుకుంటనే తీసుకపోయిండు.

దేవయ్య సారు సత్రం అరుగు మీద గోడకు ఒరిగి కూసున్నడు. అడుగుల చప్పుడు ఇని లేవబోయిండు.

"తెచ్చినవా బిడ్డ?"

"రానన్నది సారు. మస్తు బతిమిలాడిన. ఇగ సంగీతం వద్దే వద్దు అన్నది. పెండ్లి గూడ చేస్తరట."

మల్ల గోడకు ఒరిగిండు. మొఖం సిన్నగైంది. నేను ఇదంత ముందుగాల అనుకోలే. నోటికి అట్లనే వచ్చింది.

"సారు, నాకు నేర్పుండ్రి. నేనొస్త వరంగల్. మీకు వండి పెడుత, కండ్లకు మందేస్త. రోజంత సాధన చేస్త. నాకు ఆరేండ్ల సంది అలవాటే."

"వాయించు" అన్నడు.

ఆభోగే వాయించిన. నా జిందగీల అంత మంచిగ ఎన్నడు వాయించలే. చెయ్యి యాడ గూడ తడవడలే. జారుడు, నిలుపుడు, అన్ని ఉన్నచోట ఉన్నయి. వాయించుడు అయిపోయింది. కింద కోతి ఒకటి ఎవరిదో ప్రసాదం గుంజుకపోతె మనుషులు ఒర్లుతున్నరు. అది తగ్గేదాక ఆగిండు.

"నువ్వు తప్పు వాయించవు బిడ్డ" అన్నడు. "గంతే."

ఇంకేమన్న అంటడేమో అని కూసున్న. అనలే. నా తల మీద చెయ్యి పెట్టి, "జాగ్రత్తగ పో, నది పొంగు మీదున్నది" అన్నడు.

పడవల ఒక ఆమె నన్ను అడిగింది, "ఎందుకేడుస్తున్నవమ్మా, ఎవరి పిండం పెట్టినవ్?" అని. మా నానమ్మది అన్న.

ఆగస్టు 24

బుచ్చన్న వచ్చిండు. ఆ పాత మాండలిన్ తువ్వాలల కట్టుకొని తెచ్చి గల్లా బల్ల మీద పెట్టిండు. అప్పుడు దుకాణం నిండ గిరాకీ ఉన్నది.

"తప్పైంది సేటు. మా పిల్ల మీ పేరు ఖరాబ్ చేసింది. నలుగుర్ల మీకు తలొంపులు తెచ్చింది. మాఫ్ చెయ్యుండ్రి."

బాపు గద్దె మీదికెళ్లి లేవలే. "పోనియ్ బుచ్చన్న. చిన్న పిల్ల. కాలేజీకి వస్తుందా?"

"బంద్ చేపిచ్చిన సేటు. ఎస్టీ బస్సుల పోరగాండ్లు నిషాదం నిషాదం అని నవ్వుతుండ్రట. వాళ్లకు ఆ మాటకు అర్థం గూడ తెల్వది."

"మంచి పని చేసినవ్" అన్నడు బాపు. "ఆడపిల్ల."

బుచ్చన్న వంగి బాపు కాళ్లు మొక్కబోయిండు. బాపు మొక్కనిచ్చిండు.

పోయేటప్పుడు నన్ను చూసి, "మీ యాదే చేస్తది బిడ్డ. మానసక్క ఒక్కతే నన్ను ఏమనలే అంటది" అన్నడు.

మీదికొచ్చి పాత మాండలిన్‌కు కొత్త తీగలు ఏసిన. ఖాళీగ ఉన్న కదా.

సెప్టెంబర్ 15

బాపు పేరు పెరిగింది. సొంత శిష్యురాలైనా సరే సంగీతం కోసం నలుగుర్ల నిలదీసిండు, అది నియత్ అంటె, అంటున్నరు. కొత్త పిల్లలను చేర్పిస్తున్నరు. ఐలన్న సేటు మనుమరాలు గూడ వస్తది. బాపు ఇప్పుడు పాఠం చెప్పేటప్పుడు శాలువ కప్పుకుంటడు.

దేవయ్య సారు సూరత్ పోయిండట. ఐలన్న సేటు చెప్పిండు. వరంగల్ ఇల్లు గూడ ఖాళీ చేసిండట.

నేనేం చెయ్యాలె? ముసలాయనకు కొడుకు దగ్గర ఉండుడే మంచిది.

అక్టోబర్ 8

వాయించబుద్ధి కాదు. పట్టుకుంటె చెయ్యి బరువు. ఆభోగి కాడికి రాంగనే, నేను వాయించకున్నా, నిషాదం ఇనవడుతున్నది. బాపు తిడుతుండు.

అమ్మ అన్నది, "ఒక్కసారి పోయి ఆ పిల్లను చూసి రారాదు?"

నవంబర్ 16

అంకిస పోయిన.

వరి కోతలు నడుస్తున్నయి. నవత పొలంల మోపులు కడుతున్నది. మొఖం నల్లవడ్డది, చెంపల మీద పొట్టు అంటుకొని ఉన్నది. నన్ను చూసి కొడవలి పడేసి ఉరికొచ్చింది.

"అక్కా! ఎండల గింత దూరం వచ్చినవా!" చేతులు తుడుచుకొని నా చెయ్యి పట్టుకున్నది. గట్టు మీద గడ్డి పరిచి కూసోవెట్టింది. "సారు మంచిగున్నడా? కోపం పోయిందా? నేనే వచ్చి కాళ్లు మొక్కుదమనుకున్న, మొఖం చెల్లలే."

ఇగ ఆగలే. మొత్తం చెప్పిన. ఆభోగిల నిషాదం లేదని, బాపు కావాలనే పెట్టిండని, నాకు మొదటి సంది తెల్సని. దేవయ్య సారు నిన్నే తోల్కరమ్మన్నడని. నేను చెప్పలేదని. నేనే పోయిన అని. నీకు పెండ్లి అని చెప్పిన అని. ఏడ్చుకుంట చెప్పిన. అది నా చెయ్యి ఎప్పుడు ఇడిసిపెట్టిందో చూసుకోలే.

ఒక వరి కంకి తీసుకొని గింజలు ఒక్కొక్కటి గోరుతోని తీస్తున్నది.

"ఆ పెద్దాయన ఇప్పుడు యాడున్నడు?"

"సూరత్. వాళ్ల కొడుకు దగ్గర."

"నన్ను మంచిగ వాయిస్తదన్నడా?"

"అసొంటి చెయ్యి జిందగీల ఇనలే అన్నడు."

తల ఊపింది. గింజలు ఒడిసినయి. ఖాళీ కంకి చేతిల పట్టుకొని ఉన్నది.

"ఇప్పుడు ఎందుకు చెప్పినవక్కా?"

"నీకు నిజం తెల్వాలె కదా."

"నాకు రాదనుకున్న" అన్నది. గొంతు పెంచలే. "దేవుడు నాకు సగం చెవే ఇచ్చిండు, దాన్నే మొత్తం అనుకొని ఎగిరిన అనుకున్న. మా బాపు కొట్టినప్పుడు, ఊర్లె నవ్వినప్పుడు, నా తప్పే కదా అని సైసుకున్న. సైసుకుంటె జర జర మరుపొచ్చింది. మొదట్ల కొడవలి పట్టుకున్నా వేళ్లు వాటంతల అవే కదులుతుండె. ఇప్పుడు కదులుతలేవు. రాత్రి నిద్ర వడుతున్నది. ఇగ నువ్వొచ్చి నాకు వచ్చు అని చెప్తున్నవ్. దీన్ని నేనేం చేసుకోవాలె? యాడ పెట్టుకోవాలె?"

"తప్పైంది నవతా."

"ఆ మాట అననీకె వచ్చినవ్. అన్నవ్. ఇగ పో అక్కా."

"బాపుతోని చెప్పి మల్ల నేర్పిస్త..."

అప్పుడు నన్ను చూసింది. నేను అక్కడికే ఆపిన.

ముత్తక్క చల్ల చెంబు పట్టుకొని గట్టెంబడి వస్తున్నది. "సేటమ్మ బిడ్డ! మమ్ముల యాది పెట్టుకొని వచ్చింది చూడు. ఎంత మంచి మనసు!" అన్నది.

నవత మొఖం తుడుచుకొని నవ్వింది. "అవునే. మస్తు మంచిది" అన్నది. నాకు చల్ల పోసింది. కొడవలి తీసుకొని పొలంలకు దిగింది. నేను బస్సుకు పోయేదాక ఎన్కకు తిరగలే.

నవంబర్ 17

చెప్పుడే మంచిదైంది. లోపల పెట్టుకొని కుములుకుంటె ఎవరికి లాభం? అమ్మ అడిగితె, పోయిన, మాట్లాడిన, చల్ల తాగిన అని చెప్పిన.

చాన దినాలకు ఒళ్లు తెల్వని నిద్ర వట్టింది. పొద్దుగాల సాధన చేసిన. చెయ్యి తేలిగ్గ నడిచింది, నిషాదం ఇనవడలే.

నవత గూడ కొన్ని దినాలైతె సమజ్ చేసుకుంటది.